మధ్యమం అంటే సగటా, నడిమి అంకా? మా గుంటడి మార్కులు పోయాయి

పర్లాకిమిడి అప్ప:
మా గుంటడు ఇక్కడే తొమ్మిది, ఒడియా మీడియం. ట్యూషన్ మాత్రం ఒడిశా బోర్డరు దాటి ఆంధ్రా పాతపట్నంలో, తెలుగు మాస్టారి దగ్గర. మొన్న పరీక్షలో ఏడుగురి రోజు సంపాదన ఇచ్చారు: 300, 350, 350, 400, 450, 500, 2550. ‘మధ్యమా’ కట్టమన్నారు. వీడు అన్నీ కూడి ఏడుతో భాగించి 700 రాశాడు. సున్నా పెట్టారు. ట్యూషన్ ఆయనేమో జవాబు రైటే అంటన్నారు. ఎవరి మాట నమ్మాలి?

రిటైర్డ్ లెక్కలు:
ట్యూషన్ ఆయనదే సరి. అంకమధ్యమం అంటే సగటు. నడుమ పడేది మధ్యగతం. ఎక్కువసార్లు వచ్చేది బాహుళకం. ముప్ఫై ఏళ్ళు చెప్పాను. బడికెళ్ళి పేపరు మళ్ళీ దిద్దమనండమ్మా.

బరంపురం కుర్రోడు:
మాస్టారూ, పేపరు ఒడియాలో ఉంది. ఒడియాలో సగటుని ‘మాధ్యమాన’ అంటారు. ‘మధ్యమా’ అంటే మన మధ్యగతం. చిన్న నుంచి పెద్దకి వరసలో పెడితే నాలుగోది 400. అదే జవాబు.

జీడి వెంకీ:
ముందు ఆ 2550 గాడెవడో చెప్పండి.

రిటైర్డ్ లెక్కలు:
అది ప్రశ్న కాదు బాబూ. మాట గురించి మాట్లాడుతున్నాం.

జీడి వెంకీ:
నాకు అదే ప్రశ్న. నేను చేసిన జీడి కార్ఖానాలో కూలి పెంచమంటే యజమాని కాగితం తీశాడు. ‘సగటున ఏడొందలు పడతంది, ఇంకేటి కావాల?’ అన్నాడు. ఏడొందలు చూసినోడు మాలో ఒక్కడు లేడు. తన వాటా కూడా కలిపీసి భాగించాడు. బళ్ళో ఇదే నేర్పుతారా?

బరంపురం కుర్రోడు:
అందుకే మధ్యగతం అడిగేది వెంకీ. ఆ చివరోడిది 25,500 చేసినా నడుమ 400 కదలదు. సగటు మాత్రం దగ్గరదగ్గర నాలుగు వేలకి ఎగురుతుంది.

బొబ్బిలి వీణ:
ఎనిమిదో వాడు 460తో చేరితే నడుమ ఎవరు?

బరంపురం కుర్రోడు:
ఇద్దరు. 400, 450. కూడి సగం చేస్తే 425.

జీడి వెంకీ:
425 ఎవడికి వస్తంది? అదీ అబద్ధమే.

పర్లాకిమిడి అప్ప:
ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. ‘గరిష్ఠక’ అడిగితే 2550 రాశాడు. అదీ తప్పట.

బరంపురం కుర్రోడు:
అయ్యో అప్పా, అది బాహుళకం. 350 రెండుసార్లు వచ్చింది కదా.

రిటైర్డ్ లెక్కలు:
గరిష్ఠం అంటే అన్నిటికన్నా పెద్దది. పిల్లాడు సరిగ్గానే చదివాడు. ఆ పేరు పెట్టినవాళ్ళని అనాలి.

బరంపురం కుర్రోడు:
పౌనఃపున్యం, అంటే ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క, గరిష్ఠంగా ఉన్నది అనుకుంటే కుదురుతుంది మాస్టారూ. ‘బాహుళకం’ అన్నంత మాత్రాన మన పిల్లలకి అర్థమైపోతోందా? మీన్, మీడియన్, మోడ్ అంటే ఏ గొడవా లేదు. స్టాటిస్టిక్స్‌లో అంత పేరుమోసిన సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు, కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. బాహుళకం అని వల్లించారా?

రిటైర్డ్ లెక్కలు:
గొడవంతా ఎక్కడుందో చెప్పనా? ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. తెలుగు పిల్లాణ్ణి తెలుగులో చదివించుకోకపోతే ఇలాగే ఉంటుంది.

పర్లాకిమిడి అప్ప:
మోజుపడి వేశామనుకుంటన్నారా మాస్టారూ? మా వీధి బళ్ళో ఆఖరి తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో మళ్ళీ ఎవరూ కూచోలేదు. రెండేళ్ళు చూశాం. 1936లో మమ్మల్ని ఒరిస్సాలో కలిపినప్పుడు మా తాతనడిగారేటి? మీ పిల్లలు ఏ మీడియం?

రిటైర్డ్ లెక్కలు:
ఇంగ్లీషు. విశాఖలో. అది వేరే సంగతి.

బొబ్బిలి వీణ:
అదే సంగతి మాస్టారూ.

రిటైర్డ్ లెక్కలు:
అవునమ్మా, నావాళ్ళకి తెలుగులో ఒక్క లెక్క చెప్పలేకపోయాను. మిగిలినవాళ్ళ పిల్లలకైనా ఉంటుందని నా ఆశ. పేపరు విషయంలో నేనన్నది తప్పే. 400.

జీడి వెంకీ:
మరి 2550 గాడు?

పర్లాకిమిడి అప్ప:
వంటగది తలుపు మీద సుద్దతో రాయించాను: సగటు–మాధ్యమాన, మధ్యగతం–మధ్యమా, బాహుళకం–గరిష్ఠక. పక్కనే పాలవాడి లెక్క ఉంది, అది చెరిపేశాడు వెధవ. సోమవారం వ్యాప్తి అట, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసేది. ఒడియాలో దాన్నేటంటారు? పొద్దున్నే చెప్పాలి వాడికి.