యూరప్‌లో ఊరి నుంచి ఊరికి ఏ వారం బయల్దేరాలి?

బ్రాడీపేట_అమ్మ:
అక్టోబరులో నేనూ మా ఆయనా ఇటలీ వెళ్తున్నాం. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం, ప్లాన్ అంతా వాడే వేశాడు. శనివారం రోములో దిగడం, సోమవారం పొద్దున రైల్లో ఫ్లోరెన్స్, బుధవారం వెనిస్. తర్వాతి శనివారం వాడు వెనిస్ వచ్చి, ఆదివారం మమ్మల్ని మ్యూనిక్ తీసుకెళ్తాడు. ఇద్దరికీ అరవై దాటాయి, రెండు పెద్ద పెట్టెలు. ఈ వారాలు బాగానే ఉన్నాయా, మార్చమంటారా?

పటమట_పథికుడు:
మార్చండి. వాటికన్ మ్యూజియం ఆదివారం ఉండదు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం తీస్తారు, టికెట్ లేదు, ఆ క్యూ చూస్తే మన ముక్కోటి ఏకాదశి గుర్తొస్తుంది. ఇక సోమవారం ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియం మూత, డేవిడ్ విగ్రహం ఉన్న అకాదెమియా కూడా మూతే. అంటే రోములో వాటికన్ పోయింది, ఫ్లోరెన్స్‌లో మీకు మిగిలేది మంగళవారం ఒక్కటే. సోమవారం పొద్దున వాటికన్ చూసేసి, మంగళవారం ఫ్లోరెన్స్ వెళ్ళండి. ఫాస్ట్ రైలుకి గంటన్నర. బుధవారం తీరిగ్గా ఉఫీజీ, గురువారం వెనిస్.

గుంటూరు_మాస్టారు:
మంగళవారం వద్దమ్మా. రోముకి ఫ్లోరెన్స్ ఉత్తరాన ఉంది. మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల, ఆ రోజుల్లో అటు ప్రయాణం కూడదు. తెలిసి తెలిసి ఎదురెళ్ళడం దేనికి? సోమవారమే ఉండనివ్వండి. మ్యూజియం లేకపోతే గుడో గోపురమో చూసుకోవచ్చు.

కొత్తపేట_కిరణ్:
మంగళవారం రాహుకాలం 3 నుంచి 4.30. అది మన టైమా, ఇటలీ టైమా?

పటమట_పథికుడు:
మాస్టారూ, లక్షలు పోసి వెళ్ళి మూసిన తలుపు చూసి రమ్మంటారా? వారాలు చూడాల్సిందే, కాదనను, కానీ చూడాల్సింది అక్కడివాళ్ళ వారాలు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం రైళ్ళు కిటకిటలాడతాయి. ఫాస్ట్ రైలు టికెట్ ముందు కొంటే ఒక ధర, ఆ రోజు కొంటే ఇంకో ధర. పైగా ఇటలీలో రైలు సమ్మెలు చాలాసార్లు శుక్రవారమే పడతాయి. ముందే చెప్తారులెండి, పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 లోకల్ రైళ్ళు తిప్పుతారు కూడా. వీటన్నిటికీ దూరంగా ఉండే రోజు మంగళవారమే.

గుంటూరు_మాస్టారు:
నేను పుస్తకం చూసి చెప్పడం లేదు బాబూ, పడ్డవాణ్ణి. మూడేళ్ళ కిందట ఇదే ఫ్లోరెన్స్ నుంచి రోముకి ఆదివారం సాయంత్రం తీసుకొచ్చారు మమ్మల్ని. రిజర్వేషన్ లేని రైలు, మన ప్యాసింజర్ లాంటిది, మూడు గంటల పైన పట్టింది. మా ఆవిడ మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, తలుపు దగ్గర పెట్టె మీద కూర్చుని వచ్చింది. పెట్టె చక్రం ఒకటి అప్పుడే విరిగింది, ఇప్పటికీ అటక మీద ఉంది.

పటమట_పథికుడు:
ఫ్లోరెన్స్ నుంచి రోముకి దక్షిణం కదా. ఆదివారం దక్షిణానికి శూల లేదు. మరి మీ లెక్క ప్రకారం ఆ ప్రయాణం బ్రహ్మాండంగా జరగాలి!

గుంటూరు_మాస్టారు:
వెటకారం వద్దు. ఆదివారం సాయంత్రం ఎందుకు ఎక్కామో తెలుసా? సోమవారం మా అబ్బాయికి ఆఫీసు. మూడు నెలలున్నాం. శుక్రవారం రాత్రి పరుగు, ఆదివారం రాత్రి పరుగు, మధ్యలో అయిదు రోజులు ఫ్లాటులో నాలుగు గోడలు. శూల చూడలేదు, కనీసం తల్లి మోకాళ్ళన్నా చూడొద్దూ?

మ్యూనిక్_తెనాలి:
చదువుతూ ఊరుకుందామనుకున్నాను, కుదరట్లేదు. మాస్టారూ, మీ అబ్బాయి ఎవరో నాకు తెలీదు, కానీ నా లెక్క చెప్తాను. ఏడాదికి 28 రోజుల సెలవు. ఈ ఏడు అమ్మానాన్నల్ని చూడ్డానికి మూడు వారాలు ఊరొచ్చాను, 15 పోయాయి. తమ్ముడి పెళ్ళికి 8. మిగిలినవి 5. అందులో పిల్లాడికి జ్వరం వస్తే కూడా తియ్యాలేమోనని దాచుకుంటాం. వారాంతంలో తిప్పితే పరుగులు పెట్టించాడంటారు, తిప్పకపోతే గోడలు చూపించాడంటారు. ఏం చెయ్యమంటారు మమ్మల్ని?

గుంటూరు_మాస్టారు:
అడగమంటాం. ‘నాన్నా, ఎప్పుడు బయల్దేరదాం’ అని ఒక్కసారి. టికెట్లు కొన్నాక ఫోనులో చూపించడం కాదు.

కొత్తపేట_కిరణ్:
టాపిక్ ఎటో పోయింది.

సత్యనారాయణపురం_సుజాత:
పోలేదులెండి, ఇప్పుడే దారిలోకొచ్చింది. అక్కా, శూల పట్టింపుంటే మా అమ్మమ్మ చేసేది చెప్తాను. మంగళవారం తప్పనప్పుడు సోమవారమే ఒక సంచి పక్కింట్లో పెట్టి ప్రస్థానం చేసేది, మర్నాడు బెల్లం ముక్క నోట్లో వేసుకుని బయల్దేరేది. మీరూ సోమవారమే ఒక పెట్టె తీసుకెళ్ళి రోము టెర్మినీ స్టేషన్‌లో సామాన్ల గదిలో పెట్టెయ్యండి. బరువూ తగ్గుతుంది, మాస్టారుగారి మాటా నిలుస్తుంది.

గుంటూరు_మాస్టారు:
అది శాస్త్రమే.

బ్రాడీపేట_అమ్మ:
అందరికీ చెప్పేస్తాను, దాచడం దేనికి. మాకు శూల పట్టింపు అంతగా లేదు. భాష రాని చోట వాడు లేకుండా రైలెక్కాలంటే మా ఆయనకి టెన్షన్. ఈ వారాలు పనికిరావని మీలో ఎవరైనా అంటే, అది చూపించి వాణ్ణి రోముకే రమ్మందామనుకున్నాను. పొద్దున అడిగేశాను కూడా. సెలవు లేదన్నాడు, కాసేపు మాట్లాడలేదు, తర్వాత మంగళవారం 10 గంటల రైలుకి మా ఇద్దరికీ పక్కపక్క సీట్లు కొని పంపాడు. ఫ్లోరెన్స్‌లో దిగగానే వీడియో కాల్ చెయ్యమన్నాడు. బెల్లం ముక్క నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది.

కొత్తపేట_కిరణ్:
ఒక్క డౌటు. రోములో శనివారం దిగాలంటే ఇక్కణ్ణుంచి శుక్రవారమే బయల్దేరాలి కదా? శుక్రవారం శూల పడమరకేగా, మాస్టారూ?