పికప్ వెనక హుక్కు పిన్ను రెండుసార్లు పోయింది, ఏ తాళం వేయమంటారు?

నరసన్నపేట పికప్:
అన్నలందరికీ నమస్తే. నాది బొలెరో పికప్, స్లాబు పనులకి హాఫ్ బ్యాగ్ మిల్లరు, అంటే కాంక్రీటు కలిపే చక్రాల మిషను, లాక్కెళ్తుంటాను. వెనక హుక్కు వీడియోలు చూసి ఒక వెల్డింగ్ షాపులో చేయించుకున్నా. బండి కింద రెండంగుళాల స్క్వేర్ పైపు, దాన్లోకి దూరే ఒక కడ్డీ, రెండింటినీ కలిపి అడ్డంగా 16 ఎంఎం పిన్ను. కడ్డీ చివర రెండు చెవుల మధ్య మిల్లరు రింగు పెట్టి పైనుంచి ఇంకో పిన్ను దించుతాం.

ఆ అడ్డం పిన్ను రెండు నెలల్లో రెండుసార్లు మాయమైంది. మొదటిసారి రాత్రి ఇంటి ముందు ఆపితే పొద్దున్నకి లేదు, తుక్కు ఏరుకునేవాళ్ల పనే అనుకున్నా. రెండోది మొన్న కళింగపట్నంలో స్లాబు అయ్యాక తిరిగొస్తుంటే జరిగింది. స్పీడు బ్రేకరు దిగగానే వెనక టంగుమని శబ్దం, అద్దంలో చూస్తే మిల్లరు నా వెంట రావడం లేదు, తన దారిన పక్క మట్టిలోకి పోయి ముక్కు గుచ్చుకుని ఆగింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. మా మేస్త్రి మాత్రం ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు తాళం ఉండే పిన్ను కొందామనుకుంటున్నా. ఏది మంచిది? పైగా బండి నడుస్తున్నంతసేపూ అక్కడ లొడలొడ శబ్దం, దానికేం చేయాలి?

రాజాం మూడు ట్రాక్టర్లు:
తాళం ఎందుకు తమ్ముడూ, డబ్బులు ఎక్కువయ్యాయా. మా ఇంట్లో మూడు ట్రాక్టర్లు, చెరకు సీజన్లో తొట్టి నిండా వేసుకుని తిరుగుతాం, ఇరవై ఏళ్లలో ఒక్క పిన్నూ ఊడలేదు. లావుపాటి పిన్ను ఒకటి చేయించి వేసుకో, అంతే.

గరివిడి పాత వెల్డరు:
రాజాం బాబూ, ట్రాక్టరు పిన్ను నిలువుగా ఉంటుంది. దాని బరువే దాన్ని కిందకి కూర్చోబెడుతుంది, గతుకు పడ్డా ఎగిరి మళ్లీ అక్కడే పడుతుంది. ఈ అబ్బాయిది అడ్డం పిన్ను. దానికి బరువు సాయం లేదు, బండి అదిరిన ప్రతిసారీ వెంట్రుకవాసి పక్కకి నడుస్తుంది, చివర్న ఉన్న క్లిప్పు ఒక్కటే దాన్ని ఆపాలి. పైగా తమరి ట్రాక్టరు వెళ్లే వేగం ఎంత, పికప్ వేగం ఎంత.

నరసన్నపేట బాబూ, రెండు ప్రశ్నలు. దాచకుండా చెప్పు. పిన్ను చివర క్లిప్పు ఏం పెట్టావు? గొలుసు ఉందా, ఉంటే ఎక్కడ తగిలించావు?

నరసన్నపేట పికప్:
గురువుగారూ, క్లిప్పు ఎప్పుడో పోయింది, బైండింగ్ వైరు మూడు చుట్లు తిప్పాను. మా దగ్గర వైరుకి కొదవ లేదు కదా. గొలుసు ఉంది, మంచిదే, కడ్డీ చెవికి ఒక రంధ్రం ఉంటే దానికి తగిలించాను.

గరివిడి పాత వెల్డరు:
అదీ సంగతి. కడ్డీయే పైపులోంచి ఊడొచ్చినప్పుడు ఆ కడ్డీకి కట్టిన గొలుసు ఏం చేస్తుంది నాయనా, దానితోపాటే పోతుంది. మునిగే పడవకే లంగరు కట్టుకున్నట్టు ఉంది. గొలుసు బండికి కట్టాలి, అంటే పైపుకి అటూ ఇటూ వేరే ప్లేటు మీద చెరో కన్నం ఉండాలి. రెండు గొలుసులు, ఎడమది కుడికి, కుడిది ఎడమకి, మిల్లరు ముక్కు కింద అడ్డంగా దాటాలి. అలా ఉంటే పిన్ను ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల జోలిలో పడుతుంది. మలుపులో లాగిపెట్టకూడదు, నేలకి రాసుకోనూ కూడదు, ఆ మధ్య చూసుకుని పొడవు పెట్టుకో.

బైండింగ్ వైరు సంగతి నీకు నేను చెప్పాలా? దాన్ని మెత్తగా తయారుచేసేదే చేత్తో మెలిపెట్టడానికి. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే తెగే తీగ అది, ఇక ఇనుము అంచు మీద రోజంతా అదురుతుంటే ఎంతసేపు? ట్రాక్టరు సామాన్ల కొట్లో రింగు తిరిగే లించ్ పిన్ను అడుగు, పెద్ద పిన్ను చివరి కన్నంలో దూర్చి రింగు తిప్పితే అదే పట్టుకుంటుంది, చవకే. డజను తెచ్చి డ్యాష్‌బోర్డులో పడెయ్.

ఇక ఆ లొడలొడ. కడ్డీ పైపులో వదులుగా ఆడుతోంది, ఆడినంతసేపూ పిన్ను కన్నాన్ని కొరుకుతూనే ఉంటుంది. కన్నం గుండ్రంగానే ఉందో కోడిగుడ్డులా అయిందో చూడు. కోలగా అయితే దాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ డ్రిల్లు కొట్టించకు, లేత్ షాపులో బుష్, అంటే కన్నంలో బిగుతుగా కూర్చునే ఇనుప గొట్టం ముక్క, తిప్పించి కూర్చోబెట్టించు. పైపు పక్కన ఒక నట్టు అతికించి దాన్లోంచి బోల్టు బిగిస్తే కడ్డీ ఒక వైపుకి ఒత్తుకుని ఉంటుంది, శబ్దం సగం పైగా పోతుంది. బండి మీద వెల్డింగు పెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి, లేకపోతే లోపలి ఎలక్ట్రానిక్స్ పోయి కొత్త తలనొప్పి మొదలవుతుంది. చాసిస్‌కి అసలు బిగింపు వెల్డింగా, బోల్టులా? బోల్టులైతే తల మీద 8.8 అని గుద్ది ఉందేమో చూడు, అది బోల్టు బలం చెప్పే అంకె. ఆ అంకె లేని బోల్టులు గేటుకి పెట్టుకో.

పాత అతుకుల్లో పగులు ఉందేమో ఇలా తెలుసుకో. వైరు బ్రష్‌తో తుప్పు, రంగు గీకేసి కిరసనాయిలు పూయి, పావుగంట ఆగి పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దముక్క పొడి రుద్దు. పగులు ఉంటే లోపలి నూనె ఊరి తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత వస్తుంది. గీత కనిపిస్తే మిల్లరు కాదు కదా, ఖాళీ బకెట్టు కూడా దానికి తగిలించకు.

ఉద్దానం జనరేటర్:
వెల్డరు మావయ్య చెప్పినదానికి వంక లేదు. నేను తిత్లీ తుఫాను అప్పుడు, అంటే 2018 అక్టోబరు, కరెంటు లేని రోజుల్లో కవిటి, సోంపేట వైపు జనరేటర్ లాగాను. నాకు అర్థమైంది ఏంటంటే మాకు దొంగ కంటే ఉప్పుగాలి పెద్ద దొంగ. సముద్రం పక్కన తాళం పిన్ను నెలలో బిగుసుకుపోతుంది, తాళంచెవి లోపలే విరిగిందంటే ఇక గ్రైండరే గతి. తాళం నోరు కిందకి ఉండేలా తిప్పి పెట్టు, దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడుగు, లోపల కుట్టుమిషన్ ఆయిలు రెండు చుక్కలు చాలు. తాళంలో గ్రీజు పెట్టకు.

పిన్నుకి, కడ్డీకి గ్రీజు పెట్టొచ్చు కానీ నీది ఇసుక, సిమెంటు పని. గ్రీజుకి ఇసుక అంటితే అది గ్రీజు కాదు, ఎమ్రీ పేపరే. పాతది డీజిల్ గుడ్డతో పూర్తిగా తుడిచాకే కొత్తది పల్చగా రాయి. స్లాబు అయ్యాక మిల్లరు కడిగే నీళ్లతోనే హుక్కూ కడిగెయ్, సిమెంటు పాలు కన్నంలో గట్టిపడ్డాయంటే పిన్నుకి సుత్తే దిక్కు.

ఇంకోటి, మిల్లరు ముక్కు చేత్తో ఎత్తితే తేలిగ్గా లేచిపోతోందా? అలా ఉంటే వెనక ఊగుతుంది. మేం ధాన్యం కాటా మీద ముక్కు పెట్టి తూచేవాళ్లం, మొత్తం బరువులో కనీసం పదో వంతు హుక్కు మీద ఉండాలి. డ్రమ్ములో పారలు, బకెట్లు పడేసి లాగితే ఆ లెక్క తప్పుతుంది, ఆ సామానంతా పికప్‌లో వేసుకో.

విజయనగరం లారీ:
అందరూ ఇనుము గురించే చెప్పారు, కాగితాల సంగతీ చూడు తమ్ముడూ. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది అదే. ఆర్టీవో ఆఫీసులో కనుక్కో. మిల్లరు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు ఉందా? నీ పికప్ వెనక లైట్లకి అది అడ్డమైతే రాత్రి హైవే మీద వెనకొచ్చే లారీ వాడికి నువ్వు కనపడవు. ఆ లారీ వాణ్ని నేనే కావొచ్చు.

రాజాం మూడు ట్రాక్టర్లు:
సరే, అడ్డం పిన్ను అని చూసుకోలేదు, తప్పు నాదే. అయినా రాత్రిపూట దొంగల సంగతి ఎవరూ చెప్పలేదే. మేం తొట్టి ముక్కుని గోడకి ఆనించి పెడతాం, ఎవడొచ్చినా ముందు దాన్ని వెనక్కి లాగాలి.

నరసన్నపేట పికప్:
వారం తర్వాత రాస్తున్నా. కన్నం కోలగా అయింది, లేత్ ఆయన కొలిస్తే పొడవు వైపు 19 ఉంది, 16 పిన్నుకి. బుష్ వేయించా, పక్క బోల్టు పెట్టించా. సుద్ద పరీక్షలో ఎడమ అతుకు దగ్గర అంగుళం పొడవు గీత వచ్చింది, చూడగానే నాకూ మాట పడిపోయింది. అటు పక్కదంతా కోసి కొత్త ప్లేటు పెట్టి 8.8 బోల్టులతో బిగించారు. గొలుసులు రెండు, వేరే ప్లేటుకి. ఆర్టీవో ఆఫీసుకి సోమవారం వెళ్తున్నా, అప్పటిదాకా మిల్లరు యజమాని ట్రాక్టరుతోనే పంపించుకుంటున్నాడు.

మొదటి పిన్ను కూడా ఎవరూ ఎత్తుకుపోలేదేమో అనిపిస్తోంది, దానికీ వైరే కట్టాను మరి. ఆ రాత్రి ఇంటికొచ్చేసరికే అది ఏ రోడ్డు మీద పడిపోయిందో. తాళం పిన్ను అయితే కొన్నాను, కానీ దానికి రెండు తాళంచెవులు. ఒకటి బండి తాళాల గుత్తిలో ఉంది. రెండోది మా మేస్త్రి అడిగి మరీ తీసుకుని మొలతాడుకి కట్టుకున్నాడు, బండి కదిలే ముందు దిగి వెనక్కెళ్లి ఆయనే లాగి చూస్తాడట.