గామా లయ మెదడులో సమాచారాన్ని దాటిస్తుందా, సమాచారం దాటినందువల్ల పుడుతుందా?

తార్నాక పాఠకుడు:
ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో రోడ్డు దాటేవారి కంటికి బస్సూ ఆటో ఒకేసారి కనిపించినా, ధ్యాస మీదికి వస్తున్న బస్సు మీదే నిలుస్తుంది. తల వెనుక భాగంలో, చూపు సంకేతాలను అందుకునే మెదడు ప్రాంతమైన వి1 రెంటినీ వేర్వేరు న్యూరాన్లతో (నాడీకణాలతో) నమోదు చేస్తుంది. చూపు దారిలో పై దశ అయిన వి4 ప్రాంతంలోని ఒకే న్యూరాన్ పరిధిలో రెండూ పడవచ్చు. అది బస్సునే ఎలా ఎంచుకుంటోంది? న్యూరాన్ల విద్యుత్ చర్యలో సెకనుకు సుమారు 30 నుంచి 80 సార్లు ఊగే గామా లయ రెండు ప్రాంతాల్లో కలిసినప్పుడే సంకేతం సరైన క్షణంలో చేరుతుందని మెదడు శాస్త్రవేత్త పాస్కల్ ఫ్రీస్ 2005లో ప్రతిపాదించారు. 2012లో ఆయన బృందం మకాక్ కోతులపై ప్రచురించిన ప్రయోగంలో, ధ్యాస పెట్టిన బొమ్మకు స్పందిస్తున్న వి1 చోటుతోనే వి4 లయ ప్రధానంగా కలిసింది. నాకు ఇది బలమైన సాక్ష్యం.

గచ్చిబౌలి విద్యార్థిని:
ఆ ఫలితాన్ని నేను కాదనడం లేదండీ; దాని నుంచి మీరు తీసిన కార్యకారణ సంబంధాన్నే ఒప్పుకోలేకపోతున్నాను. వి1లో గామా వేగం కాంట్రాస్ట్‌ను (వెలుగునీడల తేడాను) బట్టి మారుతుందని పరిశోధకులు సుప్రతిమ్ రే, జాన్ మాన్సెల్ 2010లో చూపించారు. మిట్టమధ్యాహ్నం బస్సు ముందు అద్దం మెరుస్తుంటుంది, చక్రాల దగ్గర నీడ ఉంటుంది. ఒకే వస్తువులోని ఈ రెండు భాగాల లయలే వేర్వేరు వేగాల్లో నడిస్తే వి4 దేనితో కలవాలి? అంతకంటే ముఖ్యమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఒక ప్రాంతంలో ఎలక్ట్రోడ్ కొలిచే క్షేత్ర సంకేతంలో (చుట్టూ ఉన్న న్యూరాన్లన్నిటి ఉమ్మడి విద్యుత్ సంకేతంలో) బయటి నుంచి వచ్చి చేరే సినాప్స్ (న్యూరాన్ల మధ్య సంధి) ప్రవాహాల వాటా చాలా ఉంటుంది కనుక, వి1 లయబద్ధంగా పంపితే చాలు, వి4 న్యూరాన్లు తమంతట తాము ఆ లయలో ఊగకపోయినా కొలతలో రెండు లయల పొందిక కనబడుతుంది. మెదడు పరిశోధకుడు మార్టిన్ విన్క్ బృందం 2021లో వాదించింది ఇదే: పొందిక సమాచార ప్రసారానికి కారణం కాదు, ఫలితం. ఎంపికకు లయ తప్పనిసరి కూడా కాకపోవచ్చు. వి1 న్యూరాన్ల ఉమ్మడి చలనంలో కొన్ని నమూనాలే దాని తర్వాతి దశ అయిన వి2తో ముడిపడి ఉంటాయని 2019లో మత్తులో ఉన్న మకాక్‌లలో తేలింది.

తార్నాక పాఠకుడు:
లయ కేవలం ఫలితమే అయితే 2009 నాటి ఎలుకల ప్రయోగాన్ని ఎలా వివరిస్తారు? నిరోధక న్యూరాన్లను (ఇతర న్యూరాన్లను అణిచేవాటిని) కాంతితో 40 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 40 సార్లు నడిపినప్పుడు, మీసాన్ని కదిలించిన క్షణం ఆ లయలో ఎక్కడ పడిందన్న దాన్నిబట్టి వల్కలం (మెదడు పైపొర) స్పందన మారింది కదా.

గచ్చిబౌలి విద్యార్థిని:
చేరిన క్షణం ముఖ్యమని అది రుజువు చేస్తుంది, అక్కడివరకు మీతో ఏకీభవిస్తాను. అయితే అది స్పర్శకు చెందిన ఒకే ప్రాంతం, పైగా లయ బయటి నుంచి విధించినది. వి1 స్పందన బలాన్ని మార్చకుండా వి1, వి4 లయల మధ్య క్షణాల తేడాను మాత్రమే జరిపి, జంతువు ఎంపిక కూడా దానితో పాటే మారుతుందని చూపిస్తే నేను ఫ్రీస్ పక్షాన నిలుస్తాను.