చెక్క అచ్చు బొమ్మలు: హైదరాబాద్‌లో చెక్క, కాగితం, ఇంకు ఏవి కొనాలి?

కొత్త_ఉలి
నమస్కారమండీ. చెక్క మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీస్తున్నాను. ఏ4 సైజు, మూడు రంగులు, ఒక్కో బొమ్మ 20 కాపీలు. ప్రెస్ లేదు, చేత్తో రుద్దాల్సిందే. 6 ఎం.ఎం. కమర్షియల్ ప్లైవుడ్, 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) హ్యాండ్‌మేడ్ కాటన్ కాగితం, ట్యూబ్ అక్రిలిక్ వాడుతున్నాను. సన్న గీత దగ్గర ప్లైవుడ్ పైపొర పెచ్చులు లేస్తోంది. అచ్చు మచ్చలు మచ్చలుగా పడుతోంది. రంగు రోలర్ మీదే ఆరిపోతోంది. వడ్రంగి దగ్గర టేకు ముక్కలు మిగిలాయి, పనికొస్తాయా? లేక జపాన్ షినా ప్లైవుడ్ తెప్పించుకోవాలా? సిటీలో ఏ బజారుకి వెళ్లి ఏమని అడగాలి?

చిత్రిక
ముందు ఒక్కటి తేల్చుకోండి: నీటి రంగుతో తీస్తారా, నూనె ఇంకుతో తీస్తారా? చెక్క, కాగితం, బ్రష్షా రోలరా అన్నది దాన్నిబట్టే మారతాయి. అక్రిలిక్ రెండింటికీ చెందదు. పలచగా పూస్తే నిమిషాల్లో ప్లాస్టిక్ పొర కట్టేస్తుంది.

కమర్షియల్ ప్లైవుడ్ పైపొర అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాని కింది పొర నార అడ్డంగా వెళ్తుంది. ఉలి పైపొర దాటగానే అడ్డ నారకు తగిలి పొరను ఎత్తేస్తుంది. మెరైన్ ప్లైవుడ్ తీసుకున్నా ఇదే తంతు. ఆ గ్రేడు జిగురు నీళ్లకు ఊడదని చెబుతుందే తప్ప, చెక్కడానికి మంచిదని కాదు. షినా ప్లైవుడ్‌లో పైనా లోపలా ఒకే మెత్తని చెక్క, అందుకే ఉలి సాఫీగా నడుస్తుంది. కానీ దాని కోసం జపాన్ దాకా పోనక్కర్లేదు. లేజర్ కటింగ్ షాపుల్లో 6 ఎం.ఎం. బర్చ్ ప్లైవుడ్ అడగండి. షినా కంటే గట్టిది, చెయ్యి కాస్త నొప్పెడుతుంది, గీత మాత్రం నిలుస్తుంది.

టేకు మాటకొస్తే, పెడనలో కలంకారీ అచ్చులు టేకుతోనే చేస్తారు కాబట్టి ఇదీ అంతే అనుకుంటారు చాలామంది. అక్కడ అచ్చును బట్ట మీద గుద్దుతారు, గీతలు కూడా లావు. మన పనిలో ఒక మిల్లీమీటరు గీత నిలవాలి. టేకుకు రంధ్రాలు పెద్దవి, అవి నిండు రంగులో తెల్ల చుక్కల్లా పడతాయి. అందులోని నూనె నీటి రంగును సమంగా పట్టనివ్వదు, ఇసుక లాంటి సిలికా ఉలి పదునును తినేస్తుంది. లావు గీతల బొమ్మ అయితే ఆ ముక్కలు వాడేయండి.

గట్టి చెక్కలో నా ఓటు గుమ్మడి టేకుకు. పేరులో టేకు ఉన్నా జాతి వేరు. లేత రంగు, నార సమంగా ఉంటుంది, ఎండాక పెద్దగా వంగదు. సన్నని గీతలకు స్టీమ్ బీచ్ (ఆవిరి పట్టిన బీచ్ కర్ర) ఇంకా మేలు, కాకపోతే తేమకు బాగా ఉబ్బుతుంది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర చక్కగా చెక్కుడవుతుంది కానీ వెడల్పు పలకలు దొరకవు. నిర్మల్, కొండపల్లి బొమ్మల పొనికి మరీ మెత్తన, రుద్దితే గీత నలిగిపోతుంది. ఎండీఎఫ్‌కు (చెక్క పీచును ఒత్తి చేసిన పలక) నార ఉండదు, నూనె ఇంకుతో పెద్ద నిండు రంగు భాగాలకు సరే. స్పిరిట్‌లో కరిగించిన లక్క రెండు పూతలు వేసి చెక్కండి, లేకపోతే అంచు పీచు పీచుగా లేస్తుంది.

సైజు_కర్ర
డిపోకు పొయ్యేముందు లెక్క తెల్సుకోండ్రి. కర్ర సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగు లెక్కన అమ్ముతరు. ఏ4 బొమ్మకు 12 అంగుళాలు, 9 అంగుళాల పలక కావాలె, పక్కన కాగితం ఆనిచ్చే గుర్తులకు జాగా ఉండాలె గద. అంగుళం మందం అయితే 108 ఘనపు అంగుళాలు. సీఎఫ్‌టీ అంటే 1728 ఘనపు అంగుళాలు. అంటే ఒక పలకకు సీఎఫ్‌టీల పదహారో వంతు. చిత్రిక పట్టినంక ముప్పావు అంగుళం మిగుల్తది. మూడు రంగులకు మూడు పలకలు అక్కర్లేదు, రెండు దిక్కులా చెక్కొచ్చు, రెండు సాలు.

గింత కర్ర కోసం కొత్త దుంగ ఎవ్వరు కొయ్యరు. ముషీరాబాద్, బోయిగూడ దిక్కు డిపోలల్ల కోతల మిగిలిన తునకలు అడుగుండ్రి, అక్కడనే చిత్రిక పట్టిపిచ్చుకోండ్రి. పలక తల కాడ చారలు చూడాలె. నిలువుగ ఉంటే పలక తిన్నగ ఉంటది. చంద్రవంకల లెక్క ఉంటే కొన్నాళ్లకే దోనె లెక్క వంగుతది. 9 అంగుళాల వెడల్పు నిలువు చారలది దొరకకుంటే నాలుగున్నర అంగుళాలవి రెండు అతికిపిచ్చుకోండ్రి, అదే మంచిగుంటది.

"ఎండిన కర్రే" అని డిపోల అందరు అంటరు. ఇంటికి తెచ్చి వంటింటి కాంటా మీద తూచి, బరువు పలక మీదనే పెన్సిల్‌తోని రాయండ్రి. వారానికొకసారి తూచుండ్రి. రెండు వారాలు బరువు కదలకుంటే అప్పుడు చెక్కుడు షురూ చెయ్యండ్రి. అప్పటిదాంక గోడకు నిలబెట్టి రెండు దిక్కులా గాలి తగలనియ్యాలె. నేల మీద పండపెడితే ఒక మొఖమే ఎండి వంగుతది.

తడి_కాగితం
చెక్క గురించి ఇద్దరూ చెప్పారు. కానీ మీ అచ్చు మచ్చలు పడటానికి కారణం చెక్క కాదు, కాగితం. 220 జీఎస్ఎం కాటన్ కాగితం ప్రెస్ కింద పెట్టాల్సినది. గరిటెతో ఎంత రుద్దినా ఒత్తిడి దాని మందంలోనే ఇంకిపోతుంది. చేత్తో తీసేవారికి 30 నుంచి 60 జీఎస్ఎం, పొడుగు నార ఉన్న కాగితం కావాలి. నేపాల్ లోక్తా అందుకు బాగా సరిపోతుంది. చత్తా బజార్‌లో పెళ్లి కార్డుల ప్రెస్సుల వాళ్లను అడిగి చూడండి. సాంగనేర్, పుదుచ్చేరి హ్యాండ్‌మేడ్‌లో కూడా పలచనివి ఉన్నాయి, జీఎస్ఎం అడక్కుండా కొనకండి. 20 కాపీలకు 25 షీట్లు లెక్కేసుకోండి, రంగులు కుదుర్చుకోవడానికే నాలుగైదు పోతాయి.

కొనేముందు ఒక మూల తడి వేలు ఆనించండి. నీటిచుక్క క్షణంలో ఇంకిపోతే ఆ కాగితానికి సైజింగ్ (నీటిని పీల్చనివ్వని జిగురు పూత) లేదన్నమాట. నూనె ఇంకుకు పర్వాలేదు. నీటి రంగుకైతే రంగు పాకుతుంది, నార ఊడి పలకకు అంటుకుంటుంది. అప్పుడు పలచని జెలటిన్ నీళ్లలో కొంచెం పటిక కలిపి వెడల్పు బ్రష్‌తో పూసి ఆరబెట్టండి. పటిక ఎక్కువైతే కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది, అందుకే చిటికెడే.

నూనె ఇంకు వాడేవారు ప్రింటింగ్ ప్రెస్సుల ఆఫ్‌సెట్ ఇంకును నేరుగా పూయకండి. జిగట ఎక్కువ, పలచని కాగితాన్ని చీల్చేస్తుంది. రెండు చుక్కల అవిసె నూనె వేసి కత్తితో నూరితే దారికొస్తుంది. కారిపోయేలా ఉంటే మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలపండి. సబ్బుతో కడుక్కునే నూనె ఇంకులు, వేల్స్‌లో తయారయ్యే కాలిగో సేఫ్ వాష్ లాంటివి, ఇంట్లో పనిచేసేవారికి హాయి. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పరిచి ఆరేయండి. ఇది అశ్రద్ధ చేయాల్సిన సంగతి కాదు.

కొత్త_ఉలి
చాలా స్పష్టంగా చెప్పారండీ. నీటి రంగుతోనే చేస్తాను. రంగులో కలిపే జిగురు, బ్రష్‌ల సంగతి, ఎండాకాలం తడి కాగితం ఎలా నిలబెట్టాలో చెబుతారా? ఉలి కూడా కొనాలి.

తడి_కాగితం
జిగురుకు బియ్యప్పిండి ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు. చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద పిండి తెలుపు పోయి మెరిసేదాకా కలియబెట్టండి. చల్లారాక గుడ్డలో వడకట్టి లవంగ నూనె ఒక చుక్క వేస్తే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పలక మీద ముందు రంగు, పక్కనే శనగగింజంత జిగురు వేసి, రెండూ బ్రష్‌తో కలిపి పరచండి. జిగురు తక్కువైతే నువ్వులు చల్లినట్టు చుక్కలు పడతాయి, ఎక్కువైతే గీతల అంచున జిగురు పేరుకుని మెరుస్తుంది. బ్రష్‌కు కొత్త బూట్ల బ్రష్ చాలు, గుర్రపు వెంట్రుకలది. కొసల్ని 220 నంబరు గరుకు కాగితం మీద రుద్ది మెత్తబరచండి.

కాగితాన్ని ముందురోజు రాత్రి తడపాలి. తడిపిన న్యూస్‌ప్రింట్ షీటు, మీద రెండు పొడి కాగితాలు, మళ్లీ తడి షీటు, ఇలా పేర్చి ప్లాస్టిక్‌లో చుట్టి బరువు పెట్టండి. రాతలున్న పేపరు వద్దు, ఇంకు దిగుతుంది. పొద్దున కాగితం చెంపకు చల్లగా తగలాలి, పైన నీటి మెరుపు కనిపించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఫ్యాను కింద ఐదు నిమిషాల్లో అంచులు ఎండి కాగితం కుంచించుకుపోతుంది, అప్పుడు రెండో రంగు పక్కకు జరిగి పడుతుంది. ఫ్యాను, కూలరు ఆపేసి తెల్లవారుజామున పని పెట్టుకోండి, తీసే షీటు తప్ప మిగతావి ప్లాస్టిక్ బయటికి రానివ్వకండి. వానాకాలంలో తడి కట్టను రెండు రోజులకు మించి ఉంచితే బూజు పడుతుంది.

చిత్రిక
బయటినుంచి ఏదైనా తెప్పించాలంటే చెక్క వద్దు, ఉలి తెప్పించండి. చెక్క రవాణా బరువే, ఉలి జేబులో పడుతుంది. మొదట మూడు చాలు: గీత కోసే కత్తి, 3 ఎం.ఎం. గుండ్రటి ఉలి, 8 ఎం.ఎం. గుండ్రటి ఉలి. స్విట్జర్లాండ్ ఫైల్ (Pfeil), జపాన్ మికిషో పవర్ గ్రిప్, ఈ రెండు కంపెనీల ఉలులూ నమ్మదగ్గవే. 1000, 4000 నంబరు సానరాళ్లు రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి, తోలు పట్టీ మీద ఆకుపచ్చ పాలిష్ ముద్ద రుద్ది రోజూ పదును సరిచేసుకోండి.

గీత విరగడానికి సగం కారణం కత్తి వంపు. కోత గీత అంచు నుంచి బయటికి వాలాలి, గీత అడుగున గట్టులా వెడల్పుగా మిగలాలి. కత్తి గీత కిందికి దూరితే రెండో అచ్చుకే ఊడిపోతుంది.

మూడు రంగుల ముఖాల మీదా కాగితం ఆనించే గుర్తులు ఒకే చోట ఉండాలి: కుడి కింది మూల ఎల్ ఆకారం, ఎడమకు అదే అంచున ఒక తిన్నని గీత. లోతు ఒక మిల్లీమీటరు. మూడింట్లోనూ నార ఒకే దిశలో పెట్టండి. నారకు అడ్డంగా ఉబ్బినంత చెక్క నిలువునా ఉబ్బదు. ఒక పలక నార తిరగబడితే వాన పడ్డ రోజు రంగులు కలవవు.