గడ్డం మీద మొటిమలకు మూత్రపిండాలే కారణమా? చైనా సంప్రదాయ వైద్యపు ముఖ పటంపై చర్చ

నాన్‌జింగ్ విద్యార్థిని:
నేను నాన్‌జింగ్‌లో ఎం.బి.బి.ఎస్. నాలుగో సంవత్సరం చదువుతున్నాను. ఆరు నెలలుగా గడ్డం చుట్టూ నొప్పితో కూడిన గట్టి మొటిమలు లేస్తున్నాయి. ఇక్కడి సంప్రదాయ వైద్యుడు నాలుక చూసి, రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి నాడి పట్టి, ఆహారం, నిద్ర, నెలసరి గురించి అడిగి, లోపల వేడి ఉన్నదని కషాయం రాసిచ్చారు. నా స్నేహితురాళ్లు ఫోనులో ఒక ముఖ పటం చూపించి, గడ్డం మూత్రపిండాలకు గుర్తు అంటున్నారు. నాకు భయంగా ఉన్నది.

విశాఖ చర్మవైద్యురాలు:
భయపడవద్దమ్మా. ఆండ్రోజన్లనే హార్మోన్ల ప్రభావంతో నూనె గ్రంథులు ఎక్కువగా స్రవించి, రోమకూపం మూసుకుపోయి, అందులో సూక్ష్మజీవులు పెరిగి వాపు వస్తే అదే మొటిమ. దానికీ మూత్రపిండాలకూ సంబంధం లేదు. మొటిమలకు వాడే పైపూత మందులు రాత్రిపూట అడాపలీన్, ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్ రాసుకుంటూ మూడు నెలలు ఓపిక పట్టండి.

ప్రాచీన గ్రంథ పాఠకుడు:
ఆ పటానికి మూలం చైనా ప్రాచీన వైద్య గ్రంథం ‘హ్వాంగ్‌దీ నైజింగ్’లోని ‘సువెన్’ అనే భాగంలో 32వ అధ్యాయం. కాలేయపు వేడికి ఎడమ చెంప, ఊపిరితిత్తుల వేడికి కుడి చెంప, గుండె వేడికి నుదురు, ప్లీహపు వేడికి ముక్కు, మూత్రపిండాల వేడికి గడ్డం ముందుగా ఎర్రబడతాయని అక్కడ ఉన్నది. అయితే అది జ్వరాల అధ్యాయం, మొటిమలది కాదు. 1742 నాటి చైనా వైద్య గ్రంథం ‘యీజోంగ్ జిన్‌జియాన్’ ముఖం మీద వరిగ గింజల్లా లేచే మొటిమలకు ఊపిరితిత్తుల మార్గంలోని (ఆ వైద్యం ఊహించిన శక్తి దారి) రక్తపు వేడిని కారణంగా చెప్పి, లోపలికి లోకాట్ అనే పండ్ల చెట్టు ఆకు కషాయాన్నీ, పైపూతకు గంధకం, రేవల్చిన్ని కలిపిన పొడినీ సూచించింది.

తెనాలి గృహిణి:
మామిడిపండ్లు తింటే వేడి చేసి మొటిమలు వస్తాయని మా అత్తగారు ఇప్పటికీ అంటారు.

కరీంనగర్ తండ్రి:
డాక్టరు గారూ, మా అమ్మాయికి రెండేళ్లు క్రీములే రాశారు. పై పెదవి మీద నూగు కనిపిస్తున్నా నెలసరి గురించి ఒక్కరూ అడగలేదు. చివరికి స్కానింగులో పి.సి.ఓ.ఎస్. (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అని తేలింది. లోపలి కారణం లేదని మీరెలా అంటారు?

విశాఖ చర్మవైద్యురాలు:
హార్మోన్లు వేరు, మూత్రపిండాలు వేరు. నేను కాదన్నది పటాన్ని మాత్రమే.

ప్రాచీన గ్రంథ పాఠకుడు:
మళ్లీ మనవి చేస్తున్నాను, 32వ అధ్యాయం జ్వరాల గురించి.

కరీంనగర్ తండ్రి:
అధ్యాయం ఏదైతే మాకేమిటండీ? ఆ చైనా వైద్యుడు అడిగిన ప్రశ్నలు మా అమ్మాయిని మీవాళ్లు ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కేటాయించి పంపేశారు.

విశాఖ చర్మవైద్యురాలు:
అంటే రోగి మాట నేను వినననేనా మీ అభియోగం? ఇలాంటి పటాన్ని నమ్మి ఒక తల్లి తన పంతొమ్మిదేళ్ల కూతురికి మూడుసార్లు మూత్రపిండాల పరీక్షలు చేయించింది. అన్నీ బాగానే వచ్చాయి. ఆ ఎనిమిది నెలల్లో పిల్ల చెంపల మీద గుంటలు పడ్డాయి, అవి ఇక పూడవు. ఆ తల్లికి పటం ఒక జవాబు ఇచ్చింది కాబట్టే ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు.

కరీంనగర్ తండ్రి:
మా ఇంట్లోనూ అదే జరిగింది, పటం బదులు క్రీము. నేను పటాన్ని సమర్థించడం లేదు డాక్టరు గారూ. అడిగే మనిషి కావాలంటున్నాను.

విశాఖ చర్మవైద్యురాలు:
నిజమే. ఈ అమ్మాయిని నేనూ అడగకుండానే మందు చెప్పాను. అమ్మా, నెలసరి సక్రమంగా వస్తున్నదా?

నాన్‌జింగ్ విద్యార్థిని:
యాభై, అరవై రోజులకొకసారి వస్తున్నది మేడమ్. ఆ వైద్యుడు అడిగినప్పుడు, నాతో వచ్చిన సహవిద్యార్థి పక్కనే నిలబడి ఉండటంతో సిగ్గుపడి, సక్రమంగానే వస్తున్నదని చెప్పాను.

విశాఖ చర్మవైద్యురాలు:
అయితే హార్మోన్ పరీక్షలు, అల్ట్రాసౌండ్ చేయించుకోండి. ఆయన దగ్గరకు మళ్లీ వెళ్తే ఈసారి ఒంటరిగా వెళ్లి నిజం చెప్పండి. కషాయం చీటీలోని మూలికల పేర్లు ఇక్కడ రాయండి, ఈ రాత్రికే చూస్తాను.