నాగిరెడ్డి వర్గాన్ని 1969లో ఎందుకు వెలివేశారు? ఎన్నికల బహిష్కరణా, శ్రీకాకుళమా?

కరపత్రం:
ఆంధ్రలో కమ్యూనిస్టు విప్లవకారుల నేత తరిమెల నాగిరెడ్డి (టీఎన్) అసెంబ్లీ సీటు వదలనందుకే నక్సల్బరీ నేత చారు మజుందార్ వర్గం దూరం పెట్టిందని ఇప్పటికీ రాస్తున్నారు. తేదీలు చూడండి. మజుందార్ పంథాలో నడిచే విప్లవకారుల అఖిల భారత సమన్వయ కమిటీ, టీఎన్ వాళ్ల ఆంధ్ర కమిటీతో తెగతెంపులు చేసుకుంది 1969 ఫిబ్రవరిలో. టీఎన్ రాజీనామా మార్చిలో. అడ్డు సీటే అయితే నెల ఆగితే పోయేది. ఏప్రిల్ 22న ఆ సమన్వయ కమిటీ సీపీఐ (ఎంఎల్) పార్టీ పెట్టినప్పుడైనా పిలవలేదే!

ఎర్రమట్టి:
సీటు వేరు, బహిష్కరణ వేరు గురూగారూ. మజుందార్‌కు ఎన్నికల బహిష్కరణ ఆ దశ పొడుగునా నడవాల్సిన పంథా. టీఎన్‌కు, ఆయన సహచరుడు దేవులపల్లి వెంకటేశ్వరరావు (డీవీ)కు అది పరిస్థితిని బట్టి మార్చే ఎత్తుగడ. రాజీనామాతో ఆ తేడా చెరగదు. పైగా చైనా పార్టీ పట్ల విధేయత చాలదన్న ఆరోపణ కూడా ఉంది. దాన్నెందుకు వదిలేశారు?

కరపత్రం:
అది పైపూత అని నా లెక్క. అసలు ముడి శ్రీకాకుళం గిరిజన పోరాటం. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసంల జిల్లా నాయకత్వం 1968 అక్టోబరులోనే రాష్ట్ర కమిటీని దాటి నేరుగా మజుందార్‌తో సంబంధం పెట్టుకుంది. నవంబరు 25న సాయుధ చర్యలు మొదలు. ఒకే జిల్లా కమిటీకి పైన రెండు కమిటీలు! ఆదేశం ఎవరిది, దళానికి జవాబుదారీ ఎవరు? రాష్ట్ర కమిటీ మాట ఏమిటంటే, ముందు భూమి మీద జనం కదలాలి, పంచుకున్న భూమిని నిలబెట్టుకోవడానికి ఆయుధం పట్టాలి. ఆ మాట కొండల్లోకి చేరేసరికే అక్కడ దాడులు సాగుతున్నాయి.

గోదావరి లోయ:
మరి ఆంధ్ర కమిటీలోనే వచ్చిన 1971 చీలిక? అక్కడ మజుందార్ లేడు, శ్రీకాకుళం లేదు. 1969 డిసెంబరులో మద్రాసులో టీఎన్, డీవీ అరెస్టయ్యారు. బయట అడవిలో దళాలు నడిపింది అదే కమిటీలోని చండ్ర పుల్లారెడ్డి (సీపీ) వర్గం. పోలీసు నిర్బంధం మీద పడుతుంటే ప్రతిఘటన ఆపలేమని వీళ్లు, ప్రజా ఉద్యమాన్ని మించి పోతున్నారని జైల్లో వాళ్లు. రోజూ దెబ్బలు తినే కమిటీ ఒకచోట, పంథా రాసే నాయకత్వం ఇంకోచోట ఉంటే తెగక ఏమవుతుంది?

ఎర్రమట్టి:
నా వాదనకు అదే బలం. ఆ సీపీ వర్గమే 1975లో ఎంఎల్ పార్టీలో సత్యనారాయణ సింగ్ నడిపిన చీలికలో కలిసింది. 1977లో ఆ పార్టీ సంతోష్ రాణాను బెంగాల్‌లోని గోపీవల్లభ్‌పూర్ అసెంబ్లీ సీటులో గెలిపించింది. 1983లో ఇల్లందులో సీపీ వర్గానికి చెందిన గుమ్మడి నర్సయ్య గెలిచారు. బహిష్కరణ ఎత్తుగడేనని పద్నాలుగేళ్ల తర్వాత ఓట్లేసి మరీ రుజువు చేశారు కదా. 1969లో ఆ ముక్క అన్నందుకే కదా వెలి?

కరపత్రం:
1983 ఫలితంతో 1969 ఉద్దేశం తేలదు. మజుందార్ శ్రీకాకుళం వచ్చింది ఎప్పుడో చూడండి: 1969 మార్చి, ఆంధ్ర కమిటీని తెంచుకున్న మరుసటి నెలే.