స్పా 2024: కిలోన్నర తక్కువైతే గెలుపే తీసేయాలా?

రేసుపిచ్చి: స్పా ట్రాక్‌పై జరిగిన 2024 ఫార్ములా వన్ బెల్జియం గ్రాండ్ ప్రీలో టైర్లు మార్చుకోవడానికి ఒక్కసారే ఆగి (ఒక్క పిట్ స్టాప్‌తో) మెర్సిడెస్ డ్రైవర్ జార్జ్ రస్సెల్ గెలిచాడు. తర్వాత కారు బరువు 1.5 కిలోలు తక్కువని అతన్ని తీసేసి, గెలుపు రెండో స్థానంలో ఉన్న హామిల్టన్‌కి ఇచ్చారు. మొదట తూచినప్పుడు 798 కిలోలు సరిగ్గానే ఉంది కదండీ? పైగా మెర్సిడెస్ నిజంగానే పొరపాటు పడిందని స్టీవార్డుల (రేసులో నిబంధనలు చూసే అధికారుల) నిర్ణయంలోనే ఉంది. మోసం లేనప్పుడు జరిమానాతో వదిలేయొచ్చుగా?

గేర్‌బాక్స్: డ్రైవర్‌తో కలిపి, ఇంధనం లేకుండా 2024లో ఉండాల్సిన కనీస బరువు 798 కిలోలు. మొదటి తూకంలో ట్యాంకులో ఇంకా ఇంధనం ఉంది. 2.8 లీటర్లు తోడేశాక 796.5 వచ్చింది. లోపలి కాటా, బయటి కాటా రెండూ అదే చూపించాయి. కాటాలు సరిగ్గా పనిచేస్తున్నాయని టీమ్ మనుషుల ముందే చూశారు. టీమ్ కూడా కాదనలేదు.

అసలు బరువు పోయింది ఎక్కువగా టైర్లలోనే అని నా అంచనా. 44 ల్యాపుల రేసులో చివరి సెట్ మీదే 34 ల్యాపులు నడిపాడు. మామూలుగా రేసయ్యాక పిట్‌కి తిరిగొచ్చే ల్యాపులో, ట్రాక్ అంచున పడున్న రబ్బరు ముక్కల మీదుగా పోనిచ్చి టైర్లకు అంటించుకుంటారు. స్పా ట్రాక్ 7 కిలోమీటర్లు, అక్కడ ఆ ల్యాపే ఉండదు. మొదటి మలుపు దగ్గరే పిట్ వైపు తిప్పేస్తారు. మరి ముందే 3 కిలోలు ఎక్కువ పెట్టుకోవచ్చుగా అంటే, 10 కిలోలకి ల్యాపుకి సుమారు 0.3 సెకన్లు పోతాయి. అందుకే అందరూ అంచు మీదే నడుస్తారు. జరిమానా కట్టి బయటపడొచ్చంటే డబ్బున్న టీమ్ ప్రతి రేసులోనూ తేలిక కారే దింపుతుంది.

కాటాదగ్గర: ముందు చూసేది తూకం, ఉద్దేశం చూసేది ఆ తర్వాత. 2005 ఇమోలా రేసులో జెన్సన్ బటన్ అనే డ్రైవర్ నడిపిన బీఏఆర్ హోండా టీమ్ కారు 606.1 కిలోలు తూగింది. ట్యాంకు లోపల ఇంధనం నిలవుండే చిన్న అర (కలెక్టర్)లోది కూడా తోడితే 594.6. అప్పటి కనీసం 600. ఇంజిన్ నడవాలంటే ఆ ఇంధనం ఉండాల్సిందే అన్నది టీమ్ వాదన. స్టీవార్డులు ఒప్పుకున్నారు, ఈ క్రీడను నడిపే సంస్థ ఎఫ్ఐఏ అప్పీలుకెళ్లింది. మోసం రుజువు కాలేదని అప్పీలు కోర్టే చెప్పింది. అయినా ముందుగా ఎఫ్ఐఏని అడిగే దారి ఉండగా అడగకపోవడం, పారదర్శకత లేకపోవడం తప్పంటూ, ఆ ఫలితం కొట్టేసి ఇంకో రెండు రేసులు బయట కూర్చోబెట్టింది. నా దృష్టిలో అది సరైన తీర్పే. రస్సెల్ విషయంలో శిక్ష ఆ ఒక్క రేసుతో ఆగిందంటే, టీమ్ ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం కూడా చిన్న విషయం కాదు.

లాస్ట్‌ల్యాప్: 2009 మెల్బోర్న్ కూడా చూడండి. ప్రమాదం జరిగినప్పుడు అందర్నీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వెనక, ఇంకో డ్రైవర్ ట్రుల్లీని ముందుకు పోనివ్వమని హామిల్టన్ అప్పటి టీమ్ మెక్‌లారెన్ రేడియోలో అతనికి చెప్పింది. స్టీవార్డుల ముందు ఆ మాట దాచారు. దాంతో సేఫ్టీ కార్ వెనక రూల్ తప్పి ముందుకెళ్లాడని ట్రుల్లీకి 25 సెకన్ల శిక్ష పడింది. రేడియో రికార్డింగ్ బయటికొచ్చాక హామిల్టన్‌ని తీసేసి, ట్రుల్లీ మూడో స్థానం తిరిగిచ్చారు. శిక్ష పడింది ట్రాక్ మీద చేసినదానికి కాదు, అబద్ధానికి.

గేర్‌బాక్స్: ఇంకోటి, బరువు కోసం తోడే ఇంధనం వేరు, పరీక్షకివ్వాల్సిన 1 లీటరు శాంపిల్ వేరు. 2021 హంగరీ రేసులో డ్రైవర్ వెటెల్ కారు నుంచి 0.3 లీటరే తీయగలిగారు, రెండో స్థానం పోయింది. ట్యాంకులో ఇంకా ఉందని టీమ్ లెక్కలు చూపించినా నిలవలేదు.